మేనత్త పెట్టిన పేరు

నేను ఒక టేపు రికార్డరును. అదీ నోరు మూసుకోవడం చేతగాని రకం. ఒకరు అన్న మాటను పొల్లుపోకుండా తిరిగి వాళ్ళ చెవినే వెయ్యడం నా పుట్టుక. మనుషులకు ఈ గుణం మొదట్లో ముచ్చటగా ఉంటుంది, పోనుపోను కంటగింపు అవుతుంది. నన్ను పరుపుల కింద దాచినవాళ్ళున్నారు, గోడకేసి కొట్టబోయినవాళ్ళూ ఉన్నారు. అయినా నేను మారలేదు, మారను కూడా.

సోవియట్ దేశం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజుల్లో ఉక్రెయిన్‌లోని ఒక ఫ్యాక్టరీలో తయారయ్యాను. నల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, మోయడానికి ఇనప పిడి, ఇటుకలంత బరువు. రైలెక్కి ఎడారులు దాటి తుర్క్‌మేనియా రాజధాని అష్గాబాద్ చేరాను. నా మొదటి యజమాని ఒక ఆఫీసులో పెద్దల ఉపన్యాసాలు రికార్డు చేసే గుమస్తా. ఒక పెద్దాయన ఉపన్యాసం చెరిపి దానిమీద ఇంకో పెద్దాయన ఉపన్యాసం ఎక్కించేవాడు. ఏది ఎవరిదో ఆయా పెద్దలే పోల్చుకోలేకపోయేవారు. చివరికి విసుగెత్తి నన్ను బాతిర్ అనే వైద్య విద్యార్థికి అమ్మేశాడు.

బాతిర్ మారీ పట్టణం దగ్గర పత్తి పండించే ఊరివాడు. అతని తరగతిలోనే ఖమ్మం జిల్లా మధిర నుంచి వచ్చిన జ్వాల చదివేది. ఆమె తండ్రి బడిపంతులు, ఎర్రజెండా మనిషి. కూతురు డాక్టరై రావాలని అంత దూరం పంపాడు. వాళ్ళిద్దరూ రష్యన్‌లో ప్రేమించుకున్నారు, రష్యన్‌లో పోట్లాడుకున్నారు, రష్యన్‌లోనే పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరికీ బాతిర్ ఊరి ఆసుపత్రిలోనే ఉద్యోగాలు వచ్చాయి. తీరా అక్కడికి వెళ్తే ఆ ఇంట్లో రష్యన్ ఎవరికీ సరిగా రాదు. ఉన్నదంతా తుర్క్‌మెన్ భాషే.

దానికి తోడు ఇంకో ఇబ్బంది. ఆ ఇంటి ఆచారం ప్రకారం కొత్త కోడలు మామగారి ముందు మాట్లాడకూడదు. తలకు కట్టుకున్న రుమాలు కొస పళ్ళ మధ్య పట్టుకుని తిరగాలి. దాన్ని యాష్మక్ అంటారు. "కొన్నాళ్ళే కదా, నాన్న మనసు నొప్పించొద్దు," అని బాతిర్ బతిమాలాడు. జ్వాల సరేనంది. పొద్దంతా ఆసుపత్రిలో రోగులను నోరు తెరవమని చెప్పే మనిషి, సాయంత్రం ఇంటికి వచ్చి తన నోరు మూసుకునేది. మనుషుల లెక్కలు నాకు ఎప్పటికీ అర్థం కావు.

ఆ ఇంట్లో జ్వాలకు దక్కిన తోడు బాతిర్ పెద్దక్క ఒగుల్‌గెరెక్. పెళ్ళయిన కొన్నేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. వెడల్పాటి భుజాలు, గట్టి గొంతు. తివాచీ మగ్గం ముందు కూర్చుంటే ముడి మీద ముడి టకటకా పడిపోయేది. బడిలో నేర్చిన రష్యన్ ఆమెకు కాస్త మిగిలింది. జ్వాల ఆమెను తెలుగులో "వదినా" అని పిలిచింది. ఆ పిలుపు ఆమెకు ఎంత నచ్చిందంటే, అర్థం అడక్కుండానే పలకడం మొదలుపెట్టింది.

ఒకరోజు జ్వాల నన్ను మగ్గం పక్కన పెట్టింది. కొత్త క్యాసెట్టు దొరకలేదు. వాళ్ళ నాన్న మధిర సభలో ఇచ్చిన ఉపన్యాసం ఉన్న క్యాసెట్టునే నాలో వేసి, దానిమీద రికార్డు చేయసాగింది.

"ముందు చుట్టాలు నేర్చుకో. చుట్టాలు వస్తే భాష వచ్చినట్టే," అంది ఒగుల్‌గెరెక్. "ఎజె అంటే అమ్మ. కాకా అంటే నాన్న."

జ్వాల పక్కున నవ్వింది. "మా దిక్కు కాక అంటే నాన్న తమ్ముడు వదినా."

"ఇక్కడ నాన్న తమ్ముణ్ణి కాకా అనకు, కొంప మునుగుతుంది. ఇదిగో విను. దాయీ అంటే అమ్మకు తోడబుట్టినవాడు. దాయ్‌జా అంటే అమ్మకు తోడబుట్టింది. బీబీ అంటే నాన్నకు తోడబుట్టింది. మమా అంటే అమ్మవాళ్ళ అమ్మ."

"మామనా? మా ఊళ్ళో మామకు ఇంతింత మీసాలుంటయి!"

మగ్గం దగ్గరున్న ఆడవాళ్ళందరూ విరగబడి నవ్వారు. ఆ నవ్వులు కూడా నాలోకి ఎక్కాయి. అలా రోజూ ఒక మాట వదిన చెప్పడం, జ్వాల అనడం. కొడుకు ఒగుల్, కూతురు గిజ్, కోడలు గెలిన్, పొరుగువాడు గోంషి. పాఠం అయిపోయిన చోట పాత ఉపన్యాసం మిగిలిపోయేది. ఎవరైనా నన్ను ఆపడం మరిచిపోతే, "మమా" అన్న వెంటనే మధిర పంతులుగారు "కామ్రేడ్స్!" అని గర్జించేవారు. అత్తగారు సోనా ఒకసారి ఉలిక్కిపడి, చేతిలో రొట్టె జారవిడిచి, "ఎవరే ఆ మనిషి, ఎందుకంత కోపం?" అని అడిగింది.

పాఠాలు కొన్ని వంటింట్లోనూ జరిగేవి. ఉప్పు కావాలంటే "దూజ్ గెరెక్" అనాలి. నీళ్ళు కావాలంటే "సూ గెరెక్". కావాల్సిందేదైనా చివర గెరెక్ చేరిస్తే చాలు. ఒక మధ్యాహ్నం జ్వాల తన పాఠాలు మళ్ళీ వింటూ కూర్చుంది. క్యాసెట్టు మొదట్లో వదిన గొంతు, "నా పేరు ఒగుల్‌గెరెక్" అంది. జ్వాల చెయ్యి టక్కున నా బొత్తాం మీద పడింది. వెనక్కి తిప్పింది. మళ్ళీ విన్నది. నన్ను పట్టుకుని మగ్గం దగ్గరికి పరుగెత్తింది.

"వదినా, నీ పేరు..."

ఒగుల్‌గెరెక్ ముడి వేస్తూనే ఉంది. "కొడుకు కావాలి. అదే నా పేరు. ఇప్పటికి వినబడిందా నీకు? ఊరంతా రోజూ పిలుస్తుంది, ఒక్కరికీ వినబడదు."

"నీకు కోపం రాదా?"

"నా తర్వాత బాతిర్ పుట్టాడు. పేరు పనిచేసిందని నాన్న గొర్రెను కోసి ఊరికి భోజనం పెట్టాడు. నేను కూడా తిన్నాను. బాగుంది."

జ్వాల చేయి నా పిడిని ఎంత గట్టిగా పట్టుకుందో నాకింకా గుర్తుంది.

మరుసటి వసంతంలో జ్వాలకు కూతురు పుట్టింది. నల్లటి జుట్టు, పెద్ద గొంతు. సోనా ఎత్తుకుని మురిసిపోయింది. పేరు పెట్టే హక్కు తాతది. మామగారు గుర్బాన్ చెడ్డవాడు కాదు. పొలాలకు కాలవ నీళ్ళు వదిలే ఉద్యోగం చేసేవాడు, ఎవరి వంతు వాళ్ళకు కచ్చితంగా ఇచ్చేవాడు. కోడలికి కాన్పు కష్టమైనప్పుడు ఆసుపత్రి గుమ్మంలో నిలబడి కదలలేదు. ఆయనకు తన అనుభవం మీద నమ్మకం, అంతే. చుట్టాలందరినీ టీకి పిలిచి, తివాచీ మీద కూర్చుని, "పనిచేసిన పేరు మన ఇంట్లో ఉండగా ఇంకోటి వెతకడం ఎందుకు? పాపను కూడా ఒగుల్‌గెరెక్ అనే పిలుద్దాం. వెనకాలే తమ్ముడు వస్తాడు," అన్నాడు.

అందరూ బాగుందన్నారు. బాతిర్ టీ కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు. ఒగుల్‌గెరెక్ రొట్టె ముక్కలు చేస్తోంది, ఆ చేతులు ఆగిపోయాయి.

ఈ పేరు వస్తుందని జ్వాల ముందే ఊహించింది. ఆ ఉదయమే నా ముందు కూర్చుని, నేర్చుకున్న మాటలన్నీ కూడదీసుకుని నాతో చెప్పింది. ఇప్పుడు యాష్మక్ పళ్ళ మధ్యనే పెట్టుకుని, నన్ను తెచ్చి మామగారి ముందు దించి బొత్తాం నొక్కింది. నా జీవితంలో అంత గట్టిగా ఎన్నడూ మాట్లాడలేదు.

"కాకా, నాకు కూతురు పుట్టింది. నాకు కూతురే కావాలి. గిజ్ గెరెక్. నా బిడ్డను పిలిచిన ప్రతిసారీ ఇంకొకరిని రమ్మనడానికి నేను ఒప్పుకోను."

గుర్బాన్ మొహం ఎర్రబడింది. "పెట్టెలకు నేను జవాబివ్వను," అన్నాడు. నన్ను కాలితో పక్కకు తోశాడు. నా మూత పగిలింది. ఆ పగులు ఇంకా ఉంది, దాన్ని నేను దాచుకోను.

జ్వాల పళ్ళ మధ్య ఉన్న రుమాలు కొస తీసేసింది. ఆ ఇంట్లో మొదటిసారి మామగారి మొహంలోకి చూసి మాట్లాడింది.

"అయితే నాకే జవాబివ్వండి కాకా. ఇన్నాళ్ళూ మీ మాట కాదనలేదు. ఈ ఒక్కటీ కాదంటున్నాను."

"ఇంటి ఆచారం నీకు ఆటగా ఉందా?" అన్నాడాయన.

"మాకూ ఆచారం ఉంది. మా వైపు బిడ్డకు పేరు పెట్టేది మేనత్త. మీరు బీబీ అంటారే, ఆమె. నా బిడ్డకు బీబీ ఇక్కడే ఉంది. ఆమె ఏ పేరు పెడితే అదే పేరు. ఈ పేరే మళ్ళీ పెట్టినా తల వంచుతాను."

అందరూ ఒగుల్‌గెరెక్ వైపు తిరిగారు. ఆమె రొట్టె కింద పెట్టి, చేతులు దులుపుకుని లేచింది. తమ్ముడి వైపు చూసింది. అతను తల ఎత్తలేదు. తండ్రి ముందుకు వచ్చి నిలబడింది.

"నాన్నా, నాకు తల నెరుస్తోంది. ఇన్నేళ్ళలో నువ్వు నన్ను పిలిచినప్పుడల్లా తమ్ముణ్ణే పిలిచావు. నేను పలికాను. నీళ్ళిచ్చాను, బట్టలుతికాను, నీకు జబ్బు చేస్తే పక్కనే కూర్చున్నాను. ఒక్కసారి నన్ను పిలువు."

గుర్బాన్ నోరు తెరిచాడు. అలవాటైన పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయి ఉంటుంది. కూతురిని పిలవడానికి ఆయన దగ్గర ఇంకో పేరు లేదు. ఎవరికి ఎన్ని నీళ్ళు రావాలో కంఠతా తెలిసిన మనిషి, ఆ తివాచీ మీద దారి తప్పినవాడిలా కూర్చున్నాడు. సోనా రుమాలు కొస మొహానికి అడ్డం పెట్టుకుంది.

చివరికి ఆయన, "గిజిమ్," అన్నాడు. నా కూతురా అని.

ఒగుల్‌గెరెక్ సోనా ఒళ్ళోంచి పాపను తీసుకుంది. ఆ చిన్న చెవిలో, అందరికీ వినబడేంత గట్టిగా "జెరెన్" అంది. జెరెన్ అంటే వాళ్ళ ఎడారిలో తిరిగే జింక. "నీ వెనక ఎవరు వచ్చినా రాకపోయినా నువ్వు జెరెన్‌వే," అని చెప్పింది. అప్పుడు బాతిర్ లేచి వచ్చి అక్క పక్కన నిలబడ్డాడు. ఆలస్యంగానైనా నిలబడ్డాడు, అది కూడా చెప్పాలి.

గుర్బాన్ కొన్నాళ్ళు మనవరాలిని పేరు పెట్టి పిలవలేదు. పాప పాకుతూ వెళ్ళి ఆయన గడ్డం పట్టుకున్న రోజున ఆ పంతం పోయింది. జ్వాల మళ్ళీ యాష్మక్ పట్టుకోలేదు. పట్టుకోమని ఎవరూ అడగలేదు. ఊళ్ళో కొందరు ఆడవాళ్ళు ఏదో ఒక రోగం పేరు చెప్పుకుని ఆసుపత్రికి వచ్చి, ఆ రోజు సంగతి మొత్తం చెప్పించుకుని వెళ్ళేవారట.

సోవియట్ దేశం విడిపోయి, అందరికీ కొత్త పాస్‌పోర్టులు ఇస్తున్నప్పుడు జ్వాల అడిగింది, "వదినా, నీ పేరు కూడా మార్చుకోరాదూ?"

"నేనెందుకు మార్చుకోవాలి?" అంది ఒగుల్‌గెరెక్. "మార్చుకుంటే ఏమీ జరగనట్టే అయిపోతుంది. ఉండనీ. పిలిచేవాళ్ళకు ఇప్పుడు అర్థం తెలుసు. సిగ్గుపడితే వాళ్ళు పడాలి."

అలాగే ఉంచుకుంది. ఊళ్ళో చాలామంది ఆమెను పిలవబోయి, ఒక్క క్షణం తడబడి, "జెరెన్ బీబీ" అనేవారు, జెరెన్ మేనత్త అని. ఆమె రెండింటికీ పలికేది, తల ఎత్తి మరీ పలికేది.

ఇప్పుడు నేను మారీ బజారులో ఒక రిపేరు కొట్టు మూల, చెడిపోయిన ఇస్త్రీపెట్టెల మధ్య ఉన్నాను. నా బెల్టు తెగింది, మోటారు ఎప్పుడో ఊడదీశారు. కొట్టువాడు ప్లాస్టిక్ ధరకు నన్ను తూకం వేస్తానని రోజూ అంటాడు. వెయ్యనీ. మొన్న ఒక తండ్రి చిన్నపిల్లను వెంటబెట్టుకుని కొట్టుకు వచ్చాడు. పిల్ల నా బొత్తాలు నొక్కుతుంటే అతను ఒగుల్‌తో మొదలయ్యే పేరు పెట్టి కసిరాడు. పిల్ల చెయ్యి తీయలేదు. మళ్ళీ నొక్కింది, ఈసారి రెండు చేతులతో. నా స్ప్రింగు తుప్పు వదిలించుకుని ఠపీమని లేచింది. కొట్టంతా వినబడేంత చప్పుడు చేశాను.