ఐర్లాండుకు రెండో పూత

నేను నిన్న సినిమా సెట్టు వెనక గుడ్డ మీద వేసిన ఐర్లాండ్ ఈ ఉదయానికి మోకాలెత్తు పెరిగింది. హైదరాబాద్ స్టూడియోలో మా ఫ్లోరు నిండా తడి గడ్డి. లైట్‌మెన్లు ప్యాంట్లు పైకి మడుచుకుని కేబుళ్ళు లాగుతున్నారు. రంగు బాగా పట్టిందని నాకు సంతోషంగానే ఉంది.

ఆర్ట్ డైరెక్టర్ పరాంకుశంగారు చార్ట్ తెచ్చి నా చేతిలో పెడతారు. ఐర్లాండ్ అన్నప్పుడల్లా అదే చార్ట్. ఆకుపచ్చ కొండ, గడ్డికప్పు కొంప, ఎర్రజుట్టు పిల్ల, సారాకొట్టు ముందు కొట్లాట.

"పదకొండింటికి రెండో పూత పడిపోవాలి కేశవులూ. ఇంకా ఆకుపచ్చగా కావాలి."

"ఇప్పటికే పెరుగుతోందండీ."

"పెరుగుతోందంటే ఇంకా చాలలేదన్నమాటే కదయ్యా," అని ఆయన గడ్డిలో దారి చేసుకుంటూ వెళ్ళిపోతారు.

ఆయన అటు వెళ్ళగానే నేను వేసిన కొంప వెనకనుంచి ఒకావిడ బయటికి వస్తుంది. అరవై ఏళ్ళుంటాయి. వానకోటు, చేతిలో సరుకుల సంచి. జుట్టు ఎర్రగా ఏమీ లేదు, అందరి జుట్టులాగే నెరిసింది. పేరు నోరా, సిటీ బస్సు నడుపుతుందట. ఆమె వాళ్ళ భాషలోనే మాట్లాడుతోంది, నాకు మాత్రం మా జమ్మలమడుగు మాటలే వినిపిస్తున్నాయి. అందువల్ల ఇద్దరికీ సులువుగా ఉంది.

"మా ఇల్లు యాడ పెట్టినావప్పా?" అంటుంది.

"యా ఇల్లక్కా?"

"కార్క్ ఊర్లో మా వీధి. మీరు పూసేకొద్దీ ఇండ్లన్నీ ఈ కొంప కిందికి పోతాండాయి. ఇరవై రెండు పోయినాయి, మాదొగటే మిగిలింది. దానికీ పొద్దున్నుంచి తాళంచెవి పట్టలే. లోపల మా చెల్లెలు మేవ్ ఉంది. మోకాలికి ఆపరేషన్ అయింది, లేచి తలుపు తీయలేదు. ఇంతవరకూ గుక్కెడు టీ లేదు దానికి. నువ్వు ఇంగో పూత పూస్తే ఆ తలుపు కూడా ఉండదు."

గుడ్డకు చెవి ఆనిస్తాను. లోపల ఎవరో దగ్గుతున్నారు.

ఎవరింటి మీద పూస్తున్నానో నాకెవరూ చెప్పలేదు, ఒట్టు. అయినా నాకు తెలియనిదా ఇది? మా జమ్మలమడుగును సినిమాలకు నేనే ఎన్నిసార్లు వేయలేదు? ఎర్రమట్టి, వేటకొడవళ్ళు, గాల్లోకి లేచే సుమోలు, గోడలనిండా తూటా రంధ్రాలు. ఆ రంధ్రాలు ఇప్పుడు మా ఇంటి గోడలకూ వచ్చాయి. నా భార్య ఓబులమ్మ వాటిల్లో లవంగాలు, యాలకులు పెట్టుకుంటోంది. వచ్చిన చుట్టాలు భోజనమైనా చేయకుండా సుమో ఎక్కడ పేలిందో చూపించమంటారు.

ఇదంతా చెబితే నోరా నవ్వదు. సంచి కింద పెడుతుంది.

"సినిమాలో కాదప్పా. నిజంగా మీ ఇల్లు ఎట్లుంటాది?"

ఇన్నేళ్ళ ఈ పనిలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఈమె. నాకు కళ్ళనీళ్ళు తిరుగుతాయి. నాపరాళ్ళ అరుగు, దాని మీద ఓబులమ్మ కుట్టుమిషను, మిషను చప్పుడు మధ్యలోంచి పాడే రేడియో, అన్నీ చెబుతాను. అవతల టైమైపోతున్నా ఆమె చివరిదాకా వింటుంది. ఆ మేలు నేను మరిచిపోలేను.

"ఇప్పుడు నీది చెప్పక్కా, పూస్తా."

ఆమె చెబుతుంది. గులకరాళ్ళు పొదిగిన బూడిదరంగు గోడ, గోధుమరంగు తలుపు, దండెం మీద ఎంతకూ ఆరని దుప్పటి, ఎదురుగా బస్‌స్టాప్. నా దగ్గర బూడిదరంగు లేదు, ఐర్లాండుకని అది ఎవరూ తెప్పించరు. ఉన్న ఆకుపచ్చలో కొట్లాటకని తెచ్చిన ఎరుపు పోసి, తెల్లసున్నం కలుపుతాను. మంచి బూడిదరంగు వస్తుంది. కుంచె తగలగానే కొంప మీది గడ్డికప్పు లేచి, ఒళ్ళు దులుపుకుని, పక్కకు తప్పుకుంటుంది.

పదకొండుకు రెండు నిమిషాలుందనగా తలుపు పూర్తవుతుంది. నా చెయ్యి మాత్రం ఆగదు. అలవాటు కొద్దీ కింద గడప వేసి, పసుపు పూసి, మూడు కుంకుమబొట్లు పెట్టేస్తుంది. చూసుకుని నాలిక కరుచుకుంటాను.

"ఇది మీకుండదు కదక్కా. తుడిచేస్తానుండు."

"తుడుస్తా కూచుంటే మేవ్ గొంతు ఎండుకుపోతాది లోపల," అని నోరా తాళంచెవి పెడుతుంది. చెవి తిరుగుతుంది.

"నోరా, గడప తడిగా ఉండాది. తొక్కకుండా రా," అని లోపల్నుంచి మేవ్ గొంతు.

నోరా దాటి వెళ్తుంది. మళ్ళీ వెనక్కి వచ్చి రంగు కారుతున్న నా చేతులు రెండూ పట్టుకుంటుంది.

"సల్లగుండప్పా. తప్పు పూసినా ఇల్లే పూసినావు."

నేనే ఆమెకు దండం పెట్టాలి. రెండు చేతులూ ఆమె చేతుల్లోనే ఉన్నాయి. లోపల నీళ్ళు మరిగే చప్పుడు మొదలవుతుంది.

పదకొండింటికి పరాంకుశంగారు నన్ను తిట్టడానికి నోరు తెరుచుకునే వస్తారు. గడప కనబడుతుంది. పసుపు పూసిన గడప ముందు చెప్పులతో నిలబడి అరవడం ఆయనకు చేతకాదు. చెప్పులు విడిచి, తల వంచి లోపలికి వెళ్తారు. ఆయన వెనకే లైట్‌మెన్లు, మేకప్‌వాళ్ళు, ఎర్ర విగ్గు చేత్తో పట్టుకుని హీరోయిన్. అందరికీ సరిపడా టీ పెట్టమని మేవ్ అక్కను తొందరపెడుతోంది.

చివరికి నేనూ చెప్పులు విడిచి వెనక్కి చూస్తాను. విడిచిన చెప్పులన్నీ మందగా కదిలి గడ్డి మేస్తున్నాయి. మేసినంత మేరా నోరా వాళ్ళ బూడిదరంగు వీధి బయటపడుతోంది. ఒక్కో తలుపు తీసుకుని ఒక్కొక్కరు బయటికి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని, మా చెప్పులకు దోసిళ్ళతో నీళ్ళు తాగిస్తున్నారు.