మగ్గం కాడికి పోయిన లేత్

వనపర్తిల ఇమ్మానుయేల్ ఇంటి ముందటి రేకుల షెడ్డుల ఉన్న, ఇనుమును తిప్పి చెక్కే లేత్ మిషన్‌ను చూసినోళ్లు మొదలు నవ్వేటోళ్లు. కుట్టు మిషన్ కన్నా జర పెద్దగ, బల్ల మీద ముడుచుకొని పండుకున్న పిల్లి లెక్క ఉండేది. ఎవరో షోకు కోసం కొనుక్కొని, మోజు తీరినంక అమ్మిన మిషన్ అది. ఇమ్మానుయేల్ ఇరవై ఏండ్లు చేన్లకు నీళ్లెక్కించే లిఫ్టు పంపుల కాడ ఫిట్టరు పని చేసి, నడుము పట్టుకపోయి ఇంట్ల కూసున్నంక దాన్ని తెచ్చుకుండు.

నవ్వినోళ్లే మళ్ల పని పట్టుకొని వచ్చిండ్రు. వీపనగండ్ల నుంచి పొడుగు మోటరు షాఫ్టు వస్తే మిషన్‌ల పట్టలేదు. ఆయన వెనక గోడకు బొక్క పొడిచి షాఫ్టు తోకను వంటింట్లకు తోలిండు. ఆయన భార్య ఆ దినం పొయ్యి జరుపుకొని, ఆ కొసను తిట్టుకుంట వంట చేసింది. చెరుకురసం బండి రోలరు మరీ లావుగ ఉందంటే, మిషన్‌ల పనిని తిప్పే తలకాయ కింద ఇనుప దిమ్మెలు పెట్టి పైకి లేపిండు. పని మిషన్‌కు సరిపోకుంటే మిషన్నే పనికి సరిజెయ్యాలె అనేటోడు. నాతోని కాదని వాపసు పంపిన పని ఒక్కటి లేదు, గదే ఆయన గర్వం.

ఒకనాడు గద్వాల నుంచి మల్లేశ్ అనే ట్రాలీ ఆటో ఆయన వచ్చి, తన వదినె అనంతమ్మ సంగతి చెప్పిండు. మల్లేశ్ అన్న బాలకిష్టయ్య చీరెలు నేసేటోడు. మూడు నెలల కింద మగ్గం గుంతల కూసున్నోడు కూసున్నట్టే ముందుకు ఒరిగి పోయిండు. దవాఖానకు తీసుకపోయే పని గూడ పడలేదు. దినాలు అయినంక అనంతమ్మ తానే గుంతల దిగి నేసుడు మొదలుపెట్టింది. ఇంకో రెండు చీరెలకు సరిపడ పడుగు మగ్గం మీదనే ఉంది. నిలువు పోగులన్నీ చుట్టి పెట్టిన కర్ర దుంగ మగ్గం వెనక ఉంటది గదా, ఆ దుంగకు రెండు కొసలకు ఉన్న ఇనుప ఇరుసులు ఒక దిక్కు అరిగిపోయినయి. దుంగ ఎగురుతుంది, ఒక దిక్కు పోగులు బిగుస్తున్నయి, ఇంకో దిక్కు వదులైతున్నయి, అంచు వంకర పోతుంది.

పడుగు కోసి దుంగను తెస్తే ఒక్క పూట పని అన్నడు ఇమ్మానుయేల్. గదే ఒప్పుకుంటలేదన్నడు మల్లేశ్. ఆ పడుగు వాళ్లిద్దరు మొగడు పెండ్లాలు తెల్లారకముందు వీధిల సాగదీసి, గంజి పెట్టి, కుంచెతోని దువ్వి, చుట్టినది. ఆయన చెయ్యి పడిన ఆఖరి పడుగు. కోసి కొత్తది ఎక్కిద్దామంటే ఆమె ఒక్కటే మాట అడిగిందంట: ఆయన గంజి పెట్టిన పడుగు ఇంగొకటి ఏడికెల్లి తెస్తవు మరిదీ అని.

ఇమ్మానుయేల్ ఆ మాట విని మిషన్ దిక్కు తిరిగిండు. మిషన్‌ల పని తిరుగుతది, చెక్కే టూల్ నిలబడి ఉంటది, లోకమంతా గట్లనే. ఈడ పని కదలొద్దు. అయితే టూలే దాని చుట్టు తిరగాలె. నాలుగు దినాలు కూసోని మిషన్ తలకాయను బెడ్డు మీదికెల్లి విప్పిండు. మిషన్‌లనే ముందుకు వెనుకకు జరిగే బండి మీద దాన్ని బిగించిండు. పనిని పట్టుకునే చక్ తీసేసి ఆ జాగల మందపు ఇనుప రింగు పెట్టి, టూల్ మూతి రింగు లోపలికి చూసేటట్టు అమర్చిండు. ఇరుసు రింగులకు దూరితే, టూల్ దాని చుట్టు తిరిగి గుండ్రంగ గీసుకపోతది. తిప్పెతందుకు చేతి పిడి ఒకటి, జరూరత్ పడితే ఉంటదని చిన్న మోటరు ఒకటి.

మల్లేశ్ ఆటోల అన్నీ వేసుకొని బీచుపల్లి వంతెన దాటి గద్వాల చేరిండ్రు. అనంతమ్మ వాకిట్లనే నిలబడి ఉంది. బక్క మనిషి, మాట మెత్తగ ఉన్నది గాని చూపు మాత్రం గట్టిది. మిషన్ దించంగనే నూనె డబ్బా చూసి, అది లోపలికి రావొద్దన్నది. దుంగ రెండు కొసలకు అంచు పట్టు పోగులే ఉంటయి, ఒక్క చుక్క పడితే మరక పోదు. ఇనుము కోసేటప్పుడు నూనె లేకుంటే వేడెక్కుతది చెల్లె, కనీసం తడిగోనె కప్పనియ్యి అని ఇమ్మానుయేల్ బతిమిలాడిండు. తడి తగిలితే గంజి కారుతది, పోగులు ఒకదానికొకటి అంటుకుంటయి అన్నది. ఆఖరుకు పొడి దుప్పటి ఒకటి కప్పెతందుకు ఒప్పుకున్నది.

ఇమ్మానుయేల్ దుంగ కింద చెక్క దిమ్మెలు పెట్టి ఇరుసును గాలిల నిలబెట్టిండు. మిషన్‌ను మగ్గం గుంజకు బిగించి, రింగు నడుమకు ఇరుసు వచ్చేదాక కాయితం ముక్కలు పెట్టి సరిజేసిండు. ఎడమ దిక్కు మొదలుపెట్టి చేతితోని మెల్లగ తిప్పిండు. ఇనుప పొట్టు సన్నగ, చల్లగ రాలింది. పగటి అన్నం యాళ్లకు ఆ ఇరుసు గుండ్రంగ తేలి, అద్దం లెక్క మెరిసింది. అనంతమ్మ దాన్ని వేలితోని తడిమి చూసి, జొన్నరొట్టె పెట్టింది. మూడు నెలల్ల ఆమె ఎవరికన్నా కూసోబెట్టి పెట్టుడు గదే మొదలు అని మల్లేశ్ తర్వాత చెప్పిండు.

కుడి దిక్కు ఇరుసు మొండిది. పాతకాలపు ఇనుము, టూల్ మూతి పెడితే జారుతుంది. ఇమ్మానుయేల్ నడుము గుంజుతుంది, పొద్దు వాలుతుంది. మల్లేశ్ గడప మీద కూసోని, ఏందన్నా, పెండ్లికి పసుపు ఇసురుతున్నవా అని పరాచికం ఆడిండు. ఆడినోడు ఊరికెనే ఆడిండు. ఇమ్మానుయేల్‌కు మాత్రం తగిలింది. ఇరవై ఏండ్లు పెద్ద పంపులు విప్పి బిగించినోన్ని, గీ బెత్తెడు ఇనుముకు ఇంతసేపా అనిపించింది. మోటరు తగిలించిండు.

పని సర్రున నడిచింది. పొట్టు రింగులు రింగులుగ, నీలం రంగు తిరిగి లేవబట్టింది. ఇనుము మరీ కాగినప్పుడే ఆ నీలం తిరుగుతదని ఇమ్మానుయేల్‌కు తెల్వదా? తెలుసు. ఇంకొక్క గీత, ఇంకొక్క గీత అనుకున్నడు.

వెంట్రుకలు కాలినట్టు వాసన ముందు అనంతమ్మకే వచ్చింది. పట్టు కాలితే గదే వాసన. ఆమె మోటరు వైరు గుంజేసి, దుప్పటి ఎత్తేసింది. దుప్పటికి, దుంగకు నడుమ సందుల పొట్టు కుప్పబడి ఉంది. అంచు మీద రూపాయి బిళ్లంత నల్లటి బొక్క, సన్నగ పొగ. ఆమె ఒట్టి అరచేతిని దాని మీద పెట్టి ఒత్తింది. చెయ్యి కాలుతుందని మల్లేశ్ గుంజబోతే తియ్యలేదు. పొగ ఆగినంకనే తీసింది.

అప్పుడు గూడ ఆమె ఏడ్వలేదు. తెగిన పోగును పోగుకు పురిపెట్టి అతుకుడు నేతోళ్లకు తెలిసిన పనే. దుంగ తిప్పి ఒక పొర విప్పి చూసింది. దాని కింద పొరల అదే బొక్క. మల్ల విప్పింది. మల్ల అదే. నిప్పు పైన ఆగలేదు, పొర మీద పొర తిన్నది. తొమ్మిదో పొర దాక పోయి చెయ్యి ఆపింది.

“ఒక్క పొరయితే నెల కూసోని అయినా అతుకుదును అన్నా” అన్నది. “మూరకొక బొక్క పడింది. ఇగ ఇది చీరె అయ్యేది లేదు.”

ఇమ్మానుయేల్ మిషన్ కాడికెల్లి లేచిండు. తప్పు నాదే చెల్లె, మోటరు పెట్టొద్దుండె అన్నడు. మల్లేశ్ తల వంచుకొని, నేనే నోరు జారిన వదినా అన్నడు. ఆమె ఇద్దరి దిక్కు గూడ చూడలేదు. గూట్లకెల్లి కత్తెర తెచ్చింది.

“ఇయ్యాల వద్దు, జర ఆగు చెల్లె” అన్నడు ఇమ్మానుయేల్.

“రేపు అయితే ఏమన్న అతుక్కుంటదా?”

ఒక కొస నుంచి ఇంకో కొసకు కోసుకుంట పోయింది. బిగిసి ఉన్న పోగులు తెగినకొద్దీ వెనుకకు ముడుచుకున్నయి. ముందటి దిక్కు బాలకిష్టయ్య నేసి విడిచిన మూరెడు, ఆమె నేసిన జానెడు మగ్గానికి వేలాడుకుంట మిగిలినయి. దుంగ మీదిది మొత్తం విప్పి, చుట్ట చుట్టి గోడ పొంటి పెట్టింది.

“ఇగ నూనె పొయ్యి” అన్నది. “ఏదన్న నేసే బతకాలె గదా నేను. ఆ ఇరుసు సక్కగ చెయ్యి.”

ఇమ్మానుయేల్ వాకిట్లకు పోయి డబ్బా తెచ్చుకున్నడు. మోటరు ముట్టలేదు. చేతితోని తిప్పిండు. నూనె కారుకుంట, పొట్టు మెత్తగ రాలుకుంట, ఆ మొండి ఇరుసు లొంగింది. ఆయన ఇరవై ఏండ్లల్ల అంత మంచిగ చేసిన పని ఇంకోటి లేదు. దిమ్మెలు తీసేసి దుంగను దాని జాగల కూసోబెట్టి వేలితోని తోస్తే, ఒట్టి దుంగ చప్పుడు లేకుండ తిరిగింది, చాలసేపు తిరిగింది.

ఆయన చేతులు మోచేతుల దాక నూనె, నలుపు. తుడుచుకునేతందుకు ఏమన్న ఉందా అని అటు ఇటు చూసిండు. అనంతమ్మ గోడ పొంటి ఉన్న చుట్టలకెల్లి పిడికెడు పోగులు గుంజి ఆయన ముందట పట్టింది.

“తీసుకో అన్నా” అన్నది. “ఇగ అవి దేనికి పనికొస్తయి?”

గంజి వాసన ఇంకా ఉంది వాటికి. ఇమ్మానుయేల్ చెయ్యి చాపలేదు. రెండు చేతులు తన తెల్ల అంగికి తుడుచుకుండు. ఆమె ఆ పోగులు పట్టుకొని అట్లనే నిలబడ్డది.