గింజ తోక

నాది గడియారాలు బాగుచేసే పని. ఇరవై రెండేళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ, కంటికి అదే భూతద్దం. ఆవగింజంత చక్రాన్నీ వెంట్రుకంత స్ప్రింగునీ వంకర పోకుండా పట్టుకునే చేతులు నావి. ఆ చేతుల గురించి ఇంటికొచ్చినవాళ్ళ దగ్గరల్లా గొప్పలు పోయేవాణ్ణి. ఇప్పుడు పోవడం లేదు. ఎందుకో చెబుతాను. చెప్పుకోవాలని సరదా ఉండి కాదు, మింగుదామంటే దిగడం లేదు.

మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. కిందటి పుట్టినరోజుకి పట్టుబట్టి రెండు జెర్బిళ్ళు కొనిపించుకుంది. చూడ్డానికి ఎలుకల్లాగే ఉంటాయి గానీ, ఎలుక అన్నానా, ఆ పూటకి నాతో మాటలుండవు. గోధుమరంగు ఒళ్ళు, నల్లటి కళ్ళు, ఒంటితో సమానంగా తోక, తోక చివర చిన్న కుచ్చు. అక్కాచెల్లెళ్ళు. ఒకటి పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకు తింటుంటే రెండోది పక్కన కూచుని రాలిన పొట్టు కొరుకుతుంది. అందుకని ఒకదాని పేరు గింజ, ఇంకోదాని పేరు పొట్టు. నిద్రపోవడం మాత్రం ఒకదాని మీద ఒకటి పడి. "వాటికున్న సఖ్యత ఈ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?" అంటుంది మా ఆవిడ, సరిగ్గా నా వైపే చూస్తూ.

ఆ ఆదివారం పొద్దున తల్లీకూతుళ్ళు ఈత క్లాసుకి బయల్దేరారు. జెర్బిళ్ళుండే గాజుపెట్టెలో అడుగున పరిచిన చెక్కతురుము మార్చాల్సిన రోజది. "నేనొచ్చి మారుస్తాను. నువ్వు ముట్టుకోకు నాన్నా" అంది అమ్మాయి గుమ్మంలోంచి. ముట్టుకోకు అనేసరికి నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. ఇంత లేదు, నా చేతులకి చెబుతుందా!

వాళ్ళు వీధి మలుపు తిరిగారో లేదో, మూత తీసి గింజని అరచేతిలోకి తీసుకున్నాను. అది ఒక్క దూకు దూకి బల్ల మీద పడి అంచు వైపు పరుగెత్తింది. అక్కడే నా వృత్తి నా కొంప ముంచింది. మా పనిలో సన్నటి వస్తువుని నడుమ పట్టుకోకూడదు, వంగిపోతుంది. కొస పట్టుకుని ఎత్తాలి. పని నేర్చుకునే రోజుల్లో మా గురువు నా వేళ్ళ మీద కొట్టి కొట్టి నేర్పిన పాఠం. నా చెయ్యి నన్ను అడగలేదు. వెళ్ళి తోక కొస పట్టుకుని పైకెత్తేసింది.

వేళ్ళ మధ్య ఏదో జారింది. గింజ బల్ల మీద పడింది. కుచ్చు నా చేతిలోనే ఉండిపోయింది, దాంతోపాటు తోక చర్మం కూడా, మేజోడులా ఊడి వచ్చేసింది. గింజ వెనక ఎర్రగా, పచ్చిగా, అగ్గిపుల్లలో సగం లావు ఎముక. అది కిక్కురుమనలేదు. అరిచింది నేను.

దాన్ని దోసిట్లో పెట్టి పెట్టెలోకి దింపాను. ఊడొచ్చిన కుచ్చుని పారేద్దామంటే మనసు రాలేదు. అద్దాలు తుడిచే పల్చటి కాగితంలో చుట్టి, చక్రాలు దాచుకునే చిన్న రేకుడబ్బాలో పెట్టి, చొక్కా జేబులో వేసుకున్నాను.

అమ్మాయి వస్తూనే తడిజుట్టుతో గాజుపెట్టె దగ్గరికి పరుగెత్తింది.

"నాన్నా! గింజ తోక! ఏమైంది నాన్నా?"

"నేనూ ఇప్పుడే చూశానమ్మా. పొట్టు కొరికినట్టుంది."

ముందుగా అనుకుని పెట్టుకున్న మాట కాదది. తోక పట్టుకున్న చెయ్యిలాగే నోరు కూడా నన్ను అడగలేదు. కానీ అన్నాక వెనక్కి తీసుకోవచ్చు. తీసుకోలేదు. అది మాత్రం నా అంతట నేనే చేశాను, తెలిసి చేశాను.

జెర్బిళ్ళ పెంపకం మీద అమ్మాయి దగ్గరో పుస్తకం ఉంది. కొట్టుకుని రక్తం వచ్చిందంటే వెంటనే విడదీయమని అందులో రాసుంది. ఏడుస్తూనే పొట్టుని తీసుకెళ్ళి, పాత ప్లాస్టిక్ తొట్టిలో వేసి, పైన వలమూత పెట్టి, గదిలో ఆ చివరికి నెట్టింది. "నువ్వు చెడ్డదానివి. సొంత అక్కని కొరుకుతావా? నీతో మాట్లాడను" అంది దానితో. ఎవరూ మాట్లాడకూడదని మాకూ ఆజ్ఞ.

"ఇన్నాళ్ళూ ఎంత బుద్ధిగా ఉండేదండీ! దీనికేం పోయేకాలం?" అంది మా ఆవిడ. నేను తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడుస్తూ కూచున్నాను.

పొట్టు తొట్టి మూలని గోకేది. పొద్దున గోకేది, మధ్యాహ్నం గోకేది. ఎవరూ చూడకుండా దానికి నాలుగు గింజలు ఎక్కువ వేసి వచ్చేవాణ్ణి. ఎలుకంత ప్రాణికి లంచం ఇచ్చిన మగాడు భూమ్మీద నేనొక్కణ్ణే అయ్యుంటాను. అది గింజల వంక చూసేది కూడా కాదు. గోకుతూనే ఉండేది.

గురువారానికి గింజ తిండి మానేసింది. మూల ముడుచుకుని, బొచ్చంతా ఉబ్బరించుకుని, కళ్ళు సగం మూసి కూచుంది. ముగ్గురం జంతువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. కళ్ళద్దాలు నెత్తి మీదకి తోసుకున్న పెద్దావిడ. రెండోది కొరికితే విడదీశామని మా ఆవిడ చెబుతుంటే, గింజని దోసిట్లోకి, నీళ్ళు ముంచుకున్నట్టు పైకి తీసింది.

"కొరికింది కాదే ఇది! కొరికితే పళ్ళ గాట్లుంటాయి. తోక పట్టుకుని ఎత్తితే చర్మం ఇలా జారిపోతుంది. వీటి తోకలంతే. ఎవరైనా తోక పట్టుకున్నారా?"

రేకుడబ్బా జేబులోనే ఉంది. నేనే అనడానికి ఎంతసేపు పడుతుంది? జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాను.

"నేనే అయ్యుంటాను డాక్టరుగారూ" అంది మా అమ్మాయి, చెప్పుల వైపు చూస్తూ. "శనివారం కుచ్చు బావుందని తోక నిమిరాను. గట్టిగా పట్టుకున్నానేమో."

మా ఆవిడ దాని భుజం మీద చెయ్యి వేసింది. డాక్టరమ్మ తిట్టలేదు. "పర్లేదు తల్లీ, ఇకమీదట తోక జోలికి వెళ్ళకేం" అని, చీటీ మీద ఏదో రాసుకుంది. తలకిందులుగా ఉన్నా నాకు కనబడింది: పాప తోక లాగడం వల్ల.

"ఎముక ఎండి దానంతటదే రాలిపోతుంది. మందు రాయండి, తురుము తీసేసి మెత్తటి కాగితం ముక్కలు వేయండి. నా భయం తోక గురించి కాదు. ఇది తోడు లేక దిగులు పెట్టుకుంది. విడదీసి ఎన్నాళ్ళయింది?"

"నాలుగు రోజులు" అంది మా ఆవిడ.

"అయ్యో! ఇంకొన్నాళ్ళు పోతే ఒకదాని వాసన ఇంకోటి మరిచిపోతాయి. అప్పుడు కలిపితే నిజంగానే చంపుకుంటాయి. ఇవాళే పెట్టె మధ్యలో వల కట్టి చెరోవైపు పెట్టండి. రోజూ నాలుగైదుసార్లు వాటి స్థలాలు మార్చండి. గొడవ పడకుండా వల పక్కనే పడుకుంటే అప్పుడు వల తీయొచ్చు."

ఇంటికొచ్చి వల కట్టాను. ఇక చేత్తో తీసి అటూ ఇటూ మార్చాలి. అమ్మాయిని పిలిచాను. అది రెండు చేతులూ వెనక్కి దాచుకుంది.

"నేను ముట్టుకోను. నా చేతులు మంచివి కావు. నువ్వు తియ్యి నాన్నా, నీ చేతులైతే మెత్తగా పట్టుకుంటాయి."

చెంప పగలగొట్టినా అంత తగలదు. అక్కడే నేల మీద కూలబడ్డాను. జేబులోంచి రేకుడబ్బా తీసి దాని ముందు పెట్టాను. మూత తీసి చూసింది. ఎండిపోయిన కుచ్చు.

"నేనమ్మా. ఆదివారం నేనే ఎత్తాను, తోక పట్టుకుని. పొట్టు ఏమీ చేయలేదు. నువ్వూ ఏమీ చేయలేదు. డాక్టరమ్మ దగ్గర కూడా నోరు మూసుకున్నాను."

అది ఏడవలేదు. లేచి తొట్టి దగ్గరికి వెళ్ళి గొంతుక్కూచుంది.

"పొట్టూ, నిన్ను ఊరికే తిట్టాను" అంది. నా వైపు తిరగకుండానే, "నువ్వు కూడా చెప్పు నాన్నా" అంది.

చెప్పాను. మోకాళ్ళ మీద కూచుని, గుప్పెడు లేని ప్రాణికి తప్పయిపోయిందని చెప్పాను. వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆవిడ అంతా విన్నది. తిట్టి ఉంటే బావుండేది. వారం రోజులు నాకు అవసరానికి మించి ఒక్క ముక్క మాట దొరకలేదు ఆ ఇంట్లో.

వల పని నేనే చేశాను, దోసిలి పట్టి, ఊపిరి బిగబట్టి. అమ్మాయి పక్కన నిలబడి చూసేది గానీ ముట్టుకునేది కాదు.

"నువ్వు లాగలేదని చెప్పాను కదమ్మా" అన్నాను ఒకరోజు.

"డాక్టరమ్మ నేనే అని రాసుకుంది కదా" అంది.

మూడోనాటికి గింజ ఒక గింజ ఒలుచుకుంది. ఎనిమిదోనాటికి రెండూ వలకి చెరోపక్క వీపులు ఆనించి పడుకున్నాయి. వల తీసేశాను. పొట్టు వచ్చి గింజ మెడ వాసన చూసింది, చెవులు నాకింది. తర్వాత దాని మీదెక్కి నిద్రపోయింది. ఆ కాసేపూ నేను పెట్టె మీంచి చెయ్యి తీయలేదు.

ఆ మర్నాడు రెండింటినీ తీసుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఎండిన ఎముక రాలిపోయి మొండితోక మిగిలింది. డాక్టరమ్మ పాత చీటీ తీసింది. బయట బెంచీ మీద కుక్కలతో నలుగురు కూచున్నారు, తలుపు తెరిచే ఉంది.

"డాక్టరుగారూ, ఆ చీటీలో ఒకటి తప్పుంది. పాప లాగలేదు. నేను లాగాను. ఆవేళ మీరడిగితే పిల్ల నా తప్పు నెత్తినేసుకుంటుంటే చూస్తూ ఊరుకున్నాను. కొట్టేసి మళ్ళీ రాయండి."

బెంచీ మీదివాళ్ళు ఇటు తిరిగారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ కళ్ళద్దాలు కిందికి దించుకుని నన్ను ఎగాదిగా చూసింది. పాప అన్న మాట కొట్టేసి పైన నాన్న అని రాసింది. మా అమ్మాయి మునివేళ్ళ మీద లేచి దాన్ని చదువుకుంది. కొట్టేసిన మాట కూడా చదివింది.

"ఏదీ, ఇక బల్ల మీదికి తీయండి, చూద్దాం" అంది డాక్టరమ్మ.

అలవాటుకొద్దీ నేను చెయ్యి చాచాను.

"నువ్వుండు నాన్నా" అని, మా అమ్మాయి తన రెండు చేతులూ కలిపి గింజని పైకి తీసింది.