ఆవిడ ఇచ్చిన కిడ్నీ

కిడ్నీ మార్పిడి విభాగంలో ఆపరేషన్లు చేసేది డాక్టర్లు, పేపర్లో ఫోటో పడేదీ డాక్టర్లకే. ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఇచ్చినవాళ్ళ వెంటా పుచ్చుకున్నవాళ్ళ వెంటా పడి, మాత్ర మింగారా, రక్తం ఇచ్చారా, జ్వరమొచ్చిందా అని ఫోన్లో గొంతు చించుకునేది మాత్రం ఆ నర్సు. పదమూడేళ్ళుగా అదే పని. మనుషుల మీద గౌరవం పోవడానికి అన్నేళ్ళు అక్కర్లేదు. ఆవిడకి మూడేళ్ళే పట్టింది.

ఆ ఉదయం బల్ల మీదికి ఫోటో స్టూడియో ఆయన రిపోర్టు వచ్చింది. విభాగంలో అందరూ ఆయన్ని హీరో అంటారు. పెళ్ళాం కిడ్నీ ఇచ్చి ఎనిమిది నెలలైంది. మత్తు దిగాక ఆ మహానుభావుడు మొదట అడిగిన వస్తువు దువ్వెన. పక్క వార్డులో వాంతులు చేసుకుంటున్న పెళ్ళాం ఎలా ఉందని అడిగింది రెండో రోజు. అదీ భోజనం ఎవరు తెస్తారో తేలక.

రిపోర్టులో రెండు అంకెలు. కిడ్నీ ఎలా ఉందో చెప్పే క్రియాటినిన్ ఒకటి నుంచి రెండున్నరకి ఎక్కి కూర్చుంది. అంటే ఒళ్ళు ఆ కిడ్నీని పరాయిదని తరుముతోంది. అలా తరమకుండా ఆపే మందేమో రక్తంలో ఉండాల్సినదానికి మూడింతలుంది. రోజూ అంత మందు మింగేవాడికి వేళ్ళు వణకాలి. హీరోగారు ఎదురుగా నిలబడి ఫోన్లో ముఖం చూసుకుంటూ క్రాపు సవరించుకుంటున్నారు. చెయ్యి కెమెరా స్టాండులా కదలకుండా ఉంది.

"పొద్దున మాత్ర రక్తం ఇచ్చాక మింగారా, ముందే మింగారా?"

"ఇచ్చాకే సిస్టర్. రూలు నాకు తెలీదా?"

"తెలుసు కాబట్టే అడుగుతున్నా. చాలా రోజులు మానేసి, దొరికిపోతామని పొద్దున్నే గుప్పెడు మింగి వచ్చారు. మీకంటే ముందు ఈ తెలివి నలభైమంది చూపించారు. అందులో ఒకాయన హెడ్మాస్టరు."

హీరో బుగ్గలు చూపించాడు.

"ఎలా ఉబ్బిందో చూడండి సిస్టర్. కెమెరా పట్టుకుని పెళ్ళికూతుర్ని నవ్వమంటే నన్ను చూసి నవ్వుతోంది."

"ఉబ్బించేది వేరే మాత్ర. దాన్ని మెల్లగా తగ్గిస్తామన్నాం కదా? నువ్వు మొత్తం గంపగుత్తగా మానేశావు. ఎన్నాళ్ళైంది?" మీరు కాస్తా నువ్వైపోయింది. ఆవిడ సర్దుకోలేదు.

"రెండు నెలలు." గొంతు తగ్గించాడు. "మా ఆవిడకి చెప్పకండి. పోయిన నెల కాళ్ళు వాచినప్పుడు తనిచ్చిన కిడ్నీయే నాసిరకమని ఇంట్లో అన్నాను. అమ్మా అదే అంటోంది. మీరు కూడా ఆ మాటే అనేస్తే గొడవుండదు."

నోట్లో ఊరిన ఉమ్మిని ఆవిడ మింగేసింది. ఆస్పత్రి గచ్చు మీద వెయ్యకూడదు కదా.

"నీ సంగతి నేను చెప్పను. చెప్పకూడదు కూడా," అంది. హీరో ముఖం వెలిగింది.

ఆవిడ ఇంకో ఫైలు తీసుకుని బయటికి వచ్చింది. బెంచీ మీద హీరో తల్లి కోడలికి పాఠం చెబుతోంది. "మనసారా ఇచ్చుంటే నిలిచేది. ఏడుస్తూ ఇచ్చావు, అది వాడి కడుపులో కూర్చుని ఏడుస్తోంది."

కోడలు పక్కటెముకల కింద కుట్ల మచ్చ మీద చెయ్యి పెట్టుకుని, తప్పు చేసినదానిలా తల వంచుకుంది.

"అమ్మా, నీ ఫైలు కూడా నా దగ్గరే ఉంది. మీ అత్తగారి ముందు చదవమంటావా?"

"చదవండి సిస్టర్. నాలో లోపమేంటో తెలిసిపోతుంది."

"లోపమా? ఒక్క పరీక్షలో వంక లేదు. కుట్టీ కుట్టగానే ఆ కిడ్నీ టేబుల్ మీదే ఉచ్చ పోసింది. అంత చలాకీ కిడ్నీ నా సర్వీసులో చూడలేదు. పెద్దమ్మగారూ, వినపడిందా?"

"మరెందుకు చెడింది?" అంది ముసలావిడ.

"అది మీ అబ్బాయి చెప్పాలి. అదిగో, గుమ్మంలోనే ఉన్నాడు."

హీరో అటూ ఇటూ చూశాడు. క్యూలో ఉన్నవాళ్ళంతా చెవులు రిక్కించారు.

"ముఖం ఉబ్బుతోందని... మాత్రలు ఆపాను."

తల్లి వెంటనే, "నిజమే నాన్నా, బుగ్గలు చూడలేకపోయేదాన్ని," అంది. కన్న ప్రేమంటే అదీ!

కోడలు మొగుడి వంక చూసింది. "నెల రోజులుగా అత్తయ్య నన్ను తిడుతుంటే పక్కనే కూర్చుని అన్నం తిన్నారు కదండీ." తర్వాత నర్సు వైపు తిరిగింది. "వెనక్కి తీసుకోవడం కుదురుతుందా సిస్టర్?"

"కుదరదమ్మా."

"బతుకుతుందా?"

"ఇవాళే మొదలుపెడితే బతకొచ్చు. ముందు సూదితో కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి చూడాలి."

"లావు సూదేనా?"

"లావుదే."

"ఉన్నవాటిలో లావుది తెప్పించండి." నర్సు ఇచ్చిన అంగీకార పత్రాన్ని ఆమె అత్తగారి ఒళ్ళో పెట్టింది. "సంతకం మీరు పెట్టండి అత్తయ్యా. నా వంతు ఎనిమిది నెలల కిందటే అయిపోయింది."

హీరోని వీల్‌చైర్లో కూర్చోబెట్టారు. రెండడుగులు వెళ్ళాక తల వెనక్కి తిప్పి అడిగాడు.

"మచ్చ పడుతుందా సిస్టర్?"

నర్సు కుర్చీని ఇంకాస్త జోరుగా తోసింది.