అన్నీ తెలిసినవాళ్ళతో పందొమ్మిదేళ్ళు

“క్యాప్స్ లాక్ లైటు వెలుగుతోందేమో ఒక్కసారి చూస్తారా సార్?”

“ఏమ్మా, ఎవరితో మాట్లాడుతున్నావ్? నువ్వు పుట్టకముందు నుంచీ కంప్యూటర్లు వాడుతున్నా నేను.”

ఆమెకు యాభై రెండేళ్ళు. అవతలి గొంతుకు ముప్పై కూడా నిండి ఉండవు. టకటకా పాస్‌వర్డు కొట్టిన చప్పుడు. “వచ్చేసిందిలే. మీ వైపే ఏదో తేడా ఉంది, చూసుకోండి” అని పెట్టేశాడు.

తొమ్మిదింబావుకు అది నాలుగో ఫోను. కంప్యూటర్లు మొరాయించినవాళ్ళకు ఫోనులో దారి చెప్పే ఆఫీసు అది; మూడో అంతస్తులో భుజాలెత్తు అట్టగోడల మధ్య నలభై బల్లలు. కుర్చీ చక్రాల కింద తివాచీ నేల కనబడేలా అరిగిపోయింది. హెడ్‌ఫోను పట్టీ ఆనేచోట ఆమె జుట్టు పలచబడి, పాపిట కాని పాపిట ఏర్పడింది. ఎడమచెవి సగం మొద్దుబారింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. రోజంతా ఆ చెవిలోకి పోసేది తిట్లే కాబట్టి పెద్ద నష్టమనీ అనుకోలేదు.

ముప్పై మూడో ఏట ఈ ఉద్యోగంలో చేరింది. అంతకుముందే ఆమెకు ఈ అన్నీ తెలిసినవాళ్ళ జాతి బాగా తెలుసు; మొగుడు అదే జాతి. పాడైన ఫ్యానైనా మిక్సీ అయినా “నాకు తెలుసు” అంటూ విప్పేవాడు. బిగించాక నాలుగు మరలు మిగిలేవి. కంప్యూటరు కొన్నప్పుడు ఆమెను దగ్గరికి రానివ్వలేదు. “నీకు అర్థం కాదులే.” ఆయన పనికి వెళ్ళాక మధ్యాహ్నాలు దాని ముందు కూర్చుని, లైబ్రరీ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని ఒక్కతే నేర్చుకుంది. ఉద్యోగం రాగానే ఆయన ఊరంతా చెప్పుకున్నాడు, “నేనే నేర్పించా.” కాదని ఆమె ఏనాడూ అనలేదు. ఆ నోరు మూసుకోవడమే తరవాత ఆమెకు జీతం తెచ్చిపెట్టింది.

పదకొండింటికి ఒక క్లినిక్ మేనేజరు ఫోను చేశాడు. “ఇక్కడ సిస్టమ్స్ అన్నీ చూసేది నేనే. ఆ చిలకపలుకులు మానేసి పాయింటుకి రా.”

రోగుల వివరాలున్న కంప్యూటరు తెరుచుకోవడం లేదు. తెర మీద ఏముందో చదవమంది. సగం చదివి ఆపేశాడు. “మామూలు ఎర్రరే.”

“బ్యాకప్ ఉందా సార్?”

“ఉంది. క్లౌడ్లో.”

“ఏ క్లౌడ్లో?”

“క్లౌడంటే క్లౌడే! ఏ క్లౌడేంటి?”

“అయితే ఏదీ నొక్కకండి. దయచేసి నొక్కకండి. సార్, నొక్క…”

టక్కున శబ్దం.

“డిస్క్ క్లీన్ చేస్తానంది, యెస్ కొట్టా. మంచిదేగా?”

పదకొండేళ్ళ వివరాలు క్షణంలో కనిపించకుండా పోయాయి.

మేనేజరు ఫిర్యాదు చేశాడని ఒంటిగంటకు సూపర్‌వైజరు అద్దాల గదిలోకి పిలిచాడు. ఒకప్పుడు ఆమె పక్కన కూర్చుని పని నేర్చుకున్నవాడే. రికార్డింగు వినిపించాడు. ‘నొక్కకండి’ అన్న మాట స్పష్టంగా వినబడింది.

“విన్నావుగా, వద్దనే చెప్పాను.”

“చెప్పావక్కా, కాదన్ను. కానీ ఆ టోన్ విను. అన్నీ నీకే తెలిసినట్టు మాట్లాడావు. ఆయన హర్టయ్యాడు. ఒక్క సారీ చెప్పెయ్, గొడవ వదిలిపోతుంది.”

ఆమె వెంట బల్ల దగ్గరికి వచ్చి, అతను ఇంకో హెడ్‌ఫోను తగిలించుకుని పక్కనే నిలబడ్డాడు. ఆమె ఫోను చేసింది.

“స్పీకర్లో పెట్టా,” అన్నాడు మేనేజరు. “ఇక్కడ పేషంట్లంతా నన్ను తినేస్తున్నారు. తప్పు నీదేనని అందరూ వినేలా చెప్పు.”

వెనక ఏదో ఆడగొంతు అడుగుతోంది, “మా పాపకి పడని మందు పేరు అందులోనే రాశారు కదండీ. ఇప్పుడెలా?”

సారీ ఆమె నాలుక చివరే ఆగిపోయింది.

“సార్, ముందు ఆ మిషను ఆపండి. దాని మీద కొత్తగా ఏదీ ఎక్కకపోతే పోయినవి చాలావరకు వెనక్కి తీయొచ్చు.”

“నాకు తెలుసులేమ్మా. అన్నీ మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తున్నా. ఇరవై శాతం అయింది.”

“అదే చెయ్యొద్దంటున్నా!”

“నువ్వు నాకు చెప్తావా?”

“నీకు కాదు,” అంది. గొంతు పెంచింది. “అమ్మా, పాప మందు గురించి అడిగిన తల్లీ! వినబడుతోందా? మీ పాప వివరాలు ఇంకా అందులోనే ఉండొచ్చు. ఆయన తుడిచేస్తున్నాడు. ఆ కంప్యూటరు తీగ గోడలోంచి పీకెయ్యండి!”

చెప్పుల చప్పుడు. “ఏయ్, ముట్టుకోవద్దు!” అని అరుపు. ఏదో కిందపడింది. అంతదాకా సన్నగా వినబడుతున్న యంత్రం రొద ఆగిపోయింది.

“పీకేశానక్కా,” అంది ఆడగొంతు, రొప్పుతూ.

“ఇంక దాన్ని ఎవరినీ ఆన్ చెయ్యనివ్వకండి. పోయినవి తీసే నిపుణుల దగ్గరికి అలాగే పట్టుకెళ్ళమని డాక్టరుగారితో చెప్పండి. ఈయనతో కాదు.”

లైను తెగిపోయింది.

సూపర్‌వైజరు హెడ్‌ఫోను లాగి బల్ల మీద పడేశాడు. “ఏంటక్కా ఇది? ఏం చేశావో తెలుస్తోందా?”

“అంతా రికార్డయింది. తీరిగ్గా టోన్ విను.”

అతను అద్దాల గదిలోకి పరుగెత్తాడు. ఆమె సంచీ తీసుకుంది, కళ్ళజోడు తుడిచి పెట్టుకుంది. తలుపు దగ్గర గుర్తింపుకార్డు కాపలావాడి చేతిలో పెట్టింది. తొందరగా వెళ్తున్నారేమిటని అడిగాడతను. “పని అయిపోయింది” అని మెట్లు దిగింది.

సాయంత్రం దాకా మిగతావాళ్ళు ఆమె ఆ చుట్టుపక్కలే ఉందనుకున్నారు. మోచేతుల దగ్గర వేరే రంగు దారంతో కుట్టుకున్న బూడిదరంగు స్వెట్టరు ఆమె కుర్చీ వీపున వేలాడుతూ ఉంది, ఏసీ గాలికి ఒక చెయ్యి మెల్లగా ఊగుతూ.