నల్లదొర సలాం

మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలు దిగినవాళ్లకు బయటికి రాగానే కనబడేది నాగభూషణం శెట్టి కాఫీ హోటలు. దానికన్నా ముందు, హోటలు ముందరి వేపచెట్టుకు కట్టేసిన గుడ్డేలుగు కనబడేది. త్రిపురాంతకం పోయేవాళ్లు బస్సు వచ్చేదాకా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి. ఎలుగున్న హోటలుండగా పక్క హోటలుకు ఎవరు పోతారు?

దానికి నల్లదొర అని పేరు పెట్టింది శెట్టే. “కర్నూల్లో తెల్లదొరను చూడాలంటే అర్జీ పెట్టుకోవాల. మా నల్లదొరను చూడాలంటే కాఫీ తాగితే చాలు” అని అరుగు మీద నిలబడి అందరినీ నవ్వించేవాడు.

ఎలుగును ఆడించుకుంటూ ఊళ్లు తిరిగే ముసలాయన ఒకడు జబ్బుపడి, దాన్ని శెట్టికి ఇచ్చేసి తన ఊరికి రైలెక్కాడు. అప్పటికే దాని పళ్లు పీకేసి, గోళ్లు అరగదీసి ఉన్నాయి. ముక్కులోంచి తాడు దూర్చి ఉంది.

ఎలుగు వెంట్రుకను తాయెత్తులో పెట్టి కడితే పిల్లల జడుపు పోతుందని ఆ తాలూకాలో అందరికీ నమ్మకం. కాఫీ తాగినవాళ్లకు శెట్టి ఒక్కో వెంట్రుక పీకి ఇచ్చేవాడు. అతనికీ నమ్మకమే. జనాన్ని మోసం చేస్తున్నానని అతను ఏనాడూ అనుకోలేదు. కూతురు సుబ్బమ్మ చిన్నతనంలో పిడుగు చప్పుడుకు జడుసుకుంటే అట్లాంటి తాయెత్తే కట్టించాడు. తగ్గింది. ఇప్పుడు ఆ పిల్ల గిద్దలూరులో కాపురం చేసుకుంటోంది.

తాయెత్తు కన్నా జనం ఎక్కువ మెచ్చేది దొర సలాం. రైలు కూత వేయగానే ఎలుగు కిందికి వంగి, ముందుకాళ్లు రెండూ మొహానికి అడ్డం పెట్టుకునేది. “చూసినారా! కుంపినీ బండికి సలాం కొడుతున్నాడు, మర్యాద తెలిసినోడు” అని శెట్టి అనేవాడు. పిల్లలు చప్పట్లు కొట్టేవాళ్లు.

శెట్టి భార్య తులసమ్మ ఆ సలాం ఎన్నడూ చూడలేదు. ఇంట్లో ఆడవాళ్లు హోటలు ముందుకు రావడం శెట్టికి ఇష్టం లేదు. వంటింటి కిటికీలోంచి ఆమెకు ఎప్పుడూ దాని వీపే కనబడేది. ఆ వీపు మీద వెంట్రుకలు తరిగిపోవడం మాత్రం పిండి రుబ్బుకుంటూ చూస్తూనే ఉంది. నిరుడు నల్లగా, ఒత్తుగా ఉన్నచోట ఈ ఏడు బూడిదరంగు తోలు తేలింది. పీకినచోట పుండ్లు, పుండ్ల మీద ఈగలు.

శివరాత్రి దగ్గరపడింది. దొరను ఎద్దులబండి ఎక్కించి త్రిపురాంతకం తిరునాళ్లకు తీసుకుపోతానని, డప్పులవాళ్లతో కూడా మాట్లాడానని శెట్టి భోజనం దగ్గర చెప్పాడు.

“ఆ జనంలో దాని ఒంటి మీద ఒక్కటన్నా మిగుల్తుందా?” అంది తులసమ్మ.

“మొలుస్తాయి లేవే. గొర్రెకు మొలవడం లేదా?”

“గొర్రెకు కత్తిరిస్తారు. దీనికి పీకుతున్నారు.”

“పీకితేనే గుణం” అని శెట్టి మజ్జిగ అడిగాడు. ఆ మాట అక్కడితో అయిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం శెట్టి మార్కాపురం ఊళ్లోకి పోయాడు. హోటలు ఖాళీగా ఉంది. తర్లుపాడు వైపు పల్లె నుంచి కట్టెలు తెచ్చి వేసే రూతమ్మ, మోపు దించి దొడ్డివాకిట్లో నిలబడింది.

“సెట్టెమ్మా, నాకొక్క ఎంట్రుక ఇప్పించమ్మా. మా చిన్నది నిద్రలో ఉలిక్కిపడి లేస్తా ఉంది.”

“తాయెత్తులు కట్టొద్దని మీ పాదిరి చెప్పినాడంటివే?”

“అయ్యగారికి కనబడకుండా రైక లోపల కడతాలేమ్మా. ప్రార్థన కూడా చేపిస్తా. ఏది పనిచేసినా నా బిడ్డ నిద్రపోతే చాలు గదా.”

తులసమ్మకు నవ్వొచ్చింది. చెయ్యి కడుక్కుని, మొదటిసారి వేపచెట్టు దగ్గరికి పోయింది. మెడ పక్కన కాస్త ఒత్తుగా ఉన్నచోట పట్టుకుందామని చెయ్యి చాచింది. చెయ్యింకా తగలనేలేదు, ఎలుగు నేలకు కరుచుకుపోయి, ముందుకాళ్లు రెండూ మొహానికి అడ్డం పెట్టుకుంది.

రైలు లేదు. కూత లేదు.

సుబ్బమ్మ కూడా ఇట్లే పడుకునేది. మబ్బు ఉరిమితే చాలు, మంచం మూలకు ముడుచుకుని రెండు చేతులూ కళ్లకు అడ్డం పెట్టుకునేది. ఆ వేళ్ల సందుల్లోంచి వచ్చే ఊపిరి కూడా ఇట్లే గబగబా వచ్చేది. తులసమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది.

“రూతమ్మా, ఇది సలాం కాదే. ఇది జడుసుకుంది.”

రూతమ్మ కూడా వంగి చూసింది. “అవునమ్మా. మా పిల్ల అచ్చం ఇట్లే చేస్తాది.” జడుసుకున్నదాని వెంట్రుక బిడ్డ మెడలో కడితే బిడ్డకు ఏమొస్తుందో ఒకరికొకరు చెప్పుకోనక్కర్లేదు. రూతమ్మ తలమీది చుట్టకుదురు తీసి దులుపుకుంది. “నాకొద్దులేమ్మా” అని పోయింది.

ఆ మాట ఊరుకుంటుందా? కట్టెల మోపులతోపాటు ఇల్లిల్లూ తిరిగింది. బస్సెక్కింది, రైలెక్కింది. శివరాత్రి ముందురోజు పొద్దున బండి దిగిన ఆడవాళ్లు పిల్లల్ని చంకన వేసుకుని ఎలుగుకు దూరంగా నిలబడ్డారు.

“ఏమయ్యా శెట్టీ, నీ గుడ్డేలుగుకే జడుపంట గదా?” అంది ఒక ముసలామె.

“ఎవరమ్మా ఆ మాట అనింది?”

“నీ ఇంటామే అనిందంట.”

“అట్లయితే మనమే దొరకొక తాయెత్తు కట్టాల!” అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ ఘొల్లుమన్నారు. శెట్టి కూడా నవ్వాడు గాని మొహం ఎర్రబడింది.

“తులసీ! ఇట్ల రా. నువ్వు అనలేదని చెప్పు వీళ్లకు.”

హోటలు ముందుకు భర్తే పిలవడం అదే మొదలు. పిండి చేతులతోనే వచ్చింది తులసమ్మ. అనలేదంటే సాయంత్రానికి ఎలుగు బండెక్కుతుంది. ఆ డప్పుల నడుమ అది బతికి తిరిగి వస్తుందని ఆమెకు నమ్మకం లేదు. అన్నానంటే ఇంతమందిలో భర్త తల వంచుకోవాలి.

“అన్నాను” అంది.

“ఏందీ?”

“సుబ్బమ్మ ఎట్ల పడుకునేదో జ్ఞాపకం లేదా మీకు? రైలుబండి ఇంకా కదల్లేదు, ఇప్పుడు కూత వేస్తుంది. దాన్ని చూసి, సలామో జడుపో మీరే చెప్పండి. మీరేదంటే అదే.”

కూత వేసింది. ఎలుగు మొహం దాచుకుంది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇన్నాళ్లూ శెట్టి కూత వినగానే జనం మొహాలు చూసేవాడు. ఇవాళ దాన్ని చూశాడు. అడ్డం పెట్టుకున్న కాళ్లు వణుకుతున్నాయి. దగ్గరికి పోయి గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. తర్వాత లేచి, “బస్సొచ్చింది, పోండమ్మా, పోండి” అన్నాడు.

బస్సు రాలేదు.

ఆ రోజూ మర్నాడూ భార్యతో మాట్లాడలేదు. డప్పులవాళ్లను మాత్రం రావద్దని చెప్పి పంపాడు. తిరునాళ్లు అయిపోయాక, అన్నంలో చెయ్యి పెట్టుకుని, “అడివిలో వదిలేసొద్దునా?” అన్నాడు.

“పళ్లు లేవు, గోళ్లు లేవు. వదిలేస్తే మన మనసు తేలికవుతుంది. అది ఏం తిని బతుకుతుంది?”

శెట్టి పలకల గనుల దగ్గర పారేసిన ముక్కరాళ్లు తోలించి, దొడ్లో నిలువెత్తు గోడ పెట్టించి, ఎలుగును అందులోకి మార్చాడు. తులసమ్మ ముక్కుతాడును రోజూ ఆముదంతో తడిపి, మెత్తబడ్డాక కత్తిరించింది. తాడు పోయినా ఎలుగు తాడంత దూరమే తిరుగుతోంది. గోడదాకా పోవచ్చని దానికింకా తెలియలేదు.

హోటలుకు బేరాలు తగ్గాయి. “నీ దొర పుణ్యాన ఇడ్లీలు మిగిలినాయి” అని శెట్టి సాధించేవాడు.

“మిగిలితే దొరకే పెడతా, ఇట్ల తెండి.”

ఒకనాడు తులసమ్మ అడిగింది: “సుబ్బమ్మకు తాయెత్తుతో తగ్గిందా, వానాకాలమంతా మీరు భుజాన వేసుకుని తిరిగితే తగ్గిందా?”

“తాయెత్తుతోనే” అన్నాడు శెట్టి.

అన్నాడు గాని, సాయంత్రం బండి వేళకు దొడ్లోకి పోయి, ఎలుగుకు కాస్త ఎడంగా రాయి మీద కూర్చున్నాడు. కూత వేసింది. ఎలుగు ఎప్పటిలాగే మొహం దాచుకుంది.

“పోయే బండే దొరా, పోతుంది” అన్నాడు శెట్టి.

ముందునుంచి ఎవరో కాఫీ అని కేకేశారు. “వస్తా, ఉండండయ్యా” అన్నాడు గాని, అది కాళ్లు దించేదాకా లేవలేదు.