ఉప్పు సంగతి

కూరలో చిటికెడు ఉప్పు తగ్గినా చెల్లెలి నాలుక పట్టేస్తుంది. అందుకే హోటల్ వంటగదిలో ఆమె రుచి చూడందే గిన్నె బయటికి కదలదు. వారానికి ఒక్కరోజు సెలవు. ఆరోజు కూడా అక్క ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంటుంది. కుక్కర్ కూస్తే చాలు, "వస్తున్నా" అంటూ పరుగెడుతుంది. అక్క ఎదురొస్తే "పక్కకి పక్కకి, వేడి" అని అరుస్తుంది, చేతిలో ఉన్నది మడతపెట్టిన తువ్వాలైనా సరే.

తిండి మరీ అన్యాయం. హోటల్లో చెత్తబుట్ట పక్కన నిలబడి నాలుగు ముద్దలు కుక్కుకోవడం అలవాటైపోయి, ఇంట్లోనూ సింకు దగ్గరే నిలబడి, వెనక ఎవరో తరుముతున్నట్టు తినేస్తుంది.

ఓ సెలవురోజు మధ్యాహ్నం నెలలు నిండిన అక్క కూడా కంచం పట్టుకొచ్చి పక్కనే నిలబడింది.

"నువ్వెందుకక్కా నిలబడ్డావు? కాళ్లు చూడు ఎలా వాచాయో. కూర్చో."

"నువ్వు కూర్చున్నాక. అందాకా నా కడుపులోవాడూ నిలబడే తింటాడు."

చెల్లెలు విసుక్కుంటూనే బల్ల దగ్గర కూర్చుంది. కూర్చుందన్న మాటే గానీ మోకాలు ఆగదు, బల్ల మీద గ్లాసులు గలగలమంటున్నాయి.

"నెమ్మదిగా తిను. కూరెలా ఉందో చెప్పు," అంది అక్క.

చెల్లెలు ఈసారి నమిలింది. మళ్లీ నమిలింది.

"ఉప్పే వెయ్యలేదేంటక్కా?"

"బీపీ ఉందని డాక్టరమ్మ మానెయ్యమంది కదా," అంది అక్క. "వెయ్యక నెలయింది."

గ్లాసుల చప్పుడు ఆగిపోయింది.